స్మాల్ క్యాప్స్: ఫాంటులో గీసినవా, సాఫ్ట్‌వేరు కుదించినవా?

స్మాల్ క్యాప్స్ అంటే పెద్ద అక్షరాల రూపంలో, దాదాపు చిన్న అక్షరాల ఎత్తులో ఉండే రోమన్ అక్షరాలు. పేజీ లేఅవుట్ ప్రోగ్రాముల్లో వీటికి బటన్ ఒక్కటే ఉంటుంది. దాన్ని నొక్కితే జరిగే పని మాత్రం రెండు రకాలు. ఫాంటు రూపకర్త ఆ అక్షరాలను విడిగా గీసి పెట్టి ఉంటే ప్రోగ్రాము వాటిని తెచ్చి వేస్తుంది. లేకపోతే మామూలు క్యాపిటల్ అక్షరాలనే డెబ్భై, ఎనభై శాతానికి కుదించి అక్కడ కూర్చోబెడుతుంది. ఈ రెండింటిలో ఏది చేసిందో చాలా ప్రోగ్రాములు చెప్పవు. తెర మీద మామూలు సైజులో చూస్తే తేడా అంత తేలిగ్గా పట్టుబడదు. అచ్చయి చేతికొచ్చాక మాత్రం కుదించిన అక్షరాలు పాలిపోయినట్టు, ఆ మాట దగ్గర సిరా తక్కువ పడినట్టు కనిపిస్తాయి.

ఏది ఎంచుకోవాలంటే ‘గీసినవే మంచివి’ అని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. మాట నిజమే, పనికి మాత్రం చాలదు. చేతిలో ఉన్న ఫాంటులో అవి లేనప్పుడు ఏం చేయాలన్నది దాంతో తేలదు. నా లెక్కలో దారులు మూడు: గీసినవి వాడటం, కుదించిన వాటిని చేత్తో సరిచేసి వాడటం, స్మాల్ క్యాప్స్ జోలికే పోకపోవడం. మూడో దారి చాలామందికి గుర్తే రాదు. పుస్తకం లోపలి పాఠంలో గీసినవి దొరక్కపోతే మూడో దారే మేలని నా అభిప్రాయం. రెండో దారికి చోటు ఉంది కానీ, అది చాలా ఇరుకైన చోటు. బటన్ నొక్కి వచ్చిందే చాలనుకోవడం ఈ మూడింటిలోనూ లేదు, గమనించండి.

కుదిస్తే పాడయ్యేది ఏమిటి

స్మాల్ క్యాప్స్ అంటే రూపంలో పెద్ద అక్షరాలు, ఎత్తులో దాదాపు చిన్న అక్షరాలు. చిన్న ‘ఎక్స్’ అక్షరం ఎత్తును ఎక్స్-హైట్ అంటారు. చాలా ఫాంటుల్లో స్మాల్ క్యాప్స్ దానికంటే ఒక పిసరు ఎత్తుగా ఉంటాయి. ఎత్తు ఒక్కటే సమస్య అయితే కుదింపుతో పని జరిగిపోయేది. చిక్కంతా గీత మందం దగ్గర వస్తుంది.

లెక్క వేసి చూద్దాం. పుస్తకాలకు వాడే ఒక సెరిఫ్ ఫాంటు (గీతల చివర చిన్న కాళ్ళు, అంటే సెరిఫ్‌లు, ఉన్నది) అనుకోండి. ఎమ్ చతురస్రం (అక్షరాన్ని గీసే చట్రం) 1000 యూనిట్లు, క్యాపిటల్ ఎత్తు 650, ఎక్స్-హైట్ 430. క్యాపిటల్ ‘హెచ్’ నిలువు గీత మందం 84, చిన్న ‘ఎన్’ నిలువు గీత మందం 76. లెక్క కోసం నేను వేసుకున్న అంకెలివి. పెద్ద అక్షరాల గీత చిన్న అక్షరాల గీత కంటే కొంచెం మందంగా ఉండటం మాత్రం ఇలాంటి ఫాంటుల్లో మామూలే. ఇప్పుడు క్యాపిటల్‌ను 70 శాతానికి కుదించండి. ఎత్తు 455 అవుతుంది. సరిపోయింది. నిలువు గీత మాత్రం 59కి పడిపోతుంది. అటూ ఇటూ ఉన్న చిన్న అక్షరాల గీత 76. అంటే మధ్యలో ఉన్న మాట ఐదో వంతుకు పైగా బక్కచిక్కింది.

సన్న గీతలది ఇంకా అధ్వానం. అదే ఫాంటులో క్యాపిటల్ అడ్డగీత మందం 30 యూనిట్లయితే కుదింపు తర్వాత 21 మిగులుతుంది. పది పాయింట్ల సైజులో అది 0.21 పాయింటు. ముద్రణలో గీతకు సాధారణంగా పెట్టుకునే కనీస హద్దు 0.25 పాయింటు. సిరా పీల్చే కాగితం మీద ఈ గీత కొంత ఉబ్బి బతికిపోవచ్చు. నున్నటి కాగితం మీద, లేదా బూడిద రంగు అక్షరాలుగా వేస్తే, తెగిపోయే ప్రమాదం ఉంది.

కుదింపు శాతం పెంచితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. గీత మందం 76కు రావాలంటే 90 శాతం దగ్గర ఆగాలి. అప్పుడు ఎత్తు 585. అవి ఇక స్మాల్ క్యాప్స్ కావు, కొంచెం పొట్టి క్యాపిటల్స్. ఎత్తు కుదిరితే మందం కుదరదు, మందం కుదిరితే ఎత్తు కుదరదు. ఒకే శాతంతో రెండూ సాధించే మార్గం లేదు.

ఫాంటు రూపకర్త చేసేది ఈ రెండింటినీ విడదీయడం. ఎత్తును 450 దగ్గర పెట్టి, గీతను 75 దగ్గర ఉంచి, అక్షరాన్ని వెడల్పు చేస్తారు. పొట్టిగా ఉండి మందమైన గీతలున్న అక్షరానికి లోపల గాలి ఆడాలి కనుక ఆ వెడల్పు తప్పదు. ‘ఈ’, ‘ఎస్’, ‘బి’ అక్షరాలను భూతద్దంతో చూస్తే తెలుస్తుంది: గీసిన వాటిలో లోపలి ఖాళీలు తెరుచుకుని ఉంటాయి, కుదించిన వాటిలో ఇరుకుగా ఉంటాయి. అక్షరాల మధ్య ఖాళీ కూడా గీసిన వాటికి ముందే కొంత ఎక్కువగా ఉంటుంది. సెరిఫ్‌లు అరిగిపోయినట్టు కాకుండా చిన్న అక్షరాల సెరిఫ్‌లతో సమానమైన బరువుతో నిలబడతాయి.

కెర్నింగ్ (పక్కపక్క అక్షరాల జంట మధ్య ఖాళీని సర్దడం) సంగతి తక్కువ మంది పట్టించుకుంటారు. మాట మొదట్లో పెద్ద ‘టి’, ఆ వెంటనే స్మాల్ క్యాప్ ‘ఏ’ వచ్చిందనుకోండి. మంచి ఫాంటులో ఆ జంటకు విడిగా కెర్నింగ్ విలువ ఉంటుంది. కుదింపులో అయితే రెండు అక్షరాలూ రెండు వేర్వేరు సైజులు. సైజు మారిన చోట ఫాంటులోని కెర్నింగ్ జంటలు సాధారణంగా వర్తించవు. పెద్ద అక్షరం ఒక పక్కన, మిగతా మాట కాస్త దూరంగా నిలబడినట్టు కనిపించడానికి కారణం ఇదే.

లోహపు అచ్చుల కాలంలో ఈ సమస్య ఈ రూపంలో లేదు. 16వ శతాబ్దం మొదట్లో, 1516 నుంచి, బాసెల్ నగరంలోని ముద్రాపకుడు యోహాన్ ఫ్రోబెన్ స్మాల్ క్యాప్స్‌ను విరివిగా వాడాడు. అప్పట్లో ప్రతి సైజు అక్షరాన్నీ విడిగా చెక్కేవారు. చిన్న సైజులను చెక్కేటప్పుడు గీతలను దామాషా కంటే మందంగా, అక్షరాన్ని వెడల్పుగా ఉంచేవారు. కాబట్టి ఏడు పాయింట్ల క్యాపిటల్స్ తెచ్చి పది పాయింట్ల పాఠంలో పెట్టినా ఇప్పటి కుదింపు కంటే మెరుగ్గానే కుదిరేది. ఒకే మూలరూపాన్ని కటకంతో చిన్నా పెద్దా చేసే ఫోటోటైప్‌సెట్టింగ్ వచ్చాక ఆ జాగ్రత్త సడలింది. కంప్యూటర్ వచ్చాక కుదింపు ఒక బటన్‌గా మారింది.

అప్పట్లో వాడుకలో ఉన్న పోస్ట్‌స్క్రిప్ట్ టైప్ 1 రకం ఫాంటులో ఒకసారికి 256 కోడ్ స్థానాలే ఉండేవి. స్మాల్ క్యాప్స్ పెట్టడానికి చోటు చాలక వాటిని, పాతశైలి అంకెలను (చిన్న అక్షరాల్లా ఎత్తుపల్లాలున్నవి) కలిపి ‘ఎక్స్‌పర్ట్’ సెట్ పేరుతో విడి ఫాంటులుగా అమ్మేవారు. వాటిని కొని, ప్రతి మాట దగ్గరా ఫాంటు మార్చే ఓపిక ఎంతమందికి ఉంటుంది? కుదింపు అలవాటు పాతుకుపోవడానికి ఇది పెద్ద కారణం. మైక్రోసాఫ్ట్, అడోబీ కలిసి 1996లో ప్రకటించిన ఓపెన్‌టైప్ అనే ఫాంటు ఫైలు పద్ధతిలో ఒకే ఫైలులో వేల గ్లిఫ్‌లు (అక్షర రూపాలు) పట్టే వీలు కలిగింది. ఆ తర్వాత సాకు లేదు. అలవాటు మాత్రం ఉండిపోయింది.

పేజీలో ఉన్నవి ఏ రకమో పట్టుకోవడం

అడోబీ పేజీ లేఅవుట్ ప్రోగ్రాము ఇన్‌డిజైన్ వాడేవారికి ఒక చిట్కా ఉంది. ప్రిఫరెన్సెస్‌లో అడ్వాన్స్‌డ్ టైప్ విభాగానికి వెళ్తే స్మాల్ క్యాప్ అని ఒక శాతం కనిపిస్తుంది. మొదట 70 అని ఉంటుంది. ఆ అంకె కుదించిన వాటికే వర్తిస్తుంది, గీసిన వాటిని ముట్టుకోదు. దాన్ని 30 చేసి పుస్తకమంతా తిప్పి చూడండి. కుదించినవన్నీ ఒక్కసారిగా గుర్తుపట్టలేనంత చిన్నవైపోతాయి. గీసినవి ఉన్నచోటే ఉంటాయి. జాబితా రాసుకుని అంకెను మళ్ళీ మొదటికి తెచ్చేయండి. మూడు వందల పేజీల పుస్తకానికైనా ఈ పరీక్షకు ఎక్కువ సేపు పట్టదు. పీడీఎఫ్ పంపే ముందు చేయదగ్గ పనుల్లో దీన్ని పైవరసలో పెడతాను.

అదే ప్రోగ్రాములో ఓపెన్‌టైప్ మెనూ తెరిస్తే, ఫాంటులో లేని సదుపాయాల పేర్లు చదరపు బ్రాకెట్లలో కనిపిస్తాయి. ఆల్ స్మాల్ క్యాప్స్ అన్న మాట బ్రాకెట్లలో ఉంటే ఆ ఫాంటు నుంచి ఆశించడానికి ఏమీ లేదు.

ఎవరో పంపిన పీడీఎఫ్, లేదా అచ్చయిన పేజీ మాత్రమే చేతిలో ఉంటే కంటితోనే తేల్చాలి. మాట మొదట్లో ఉన్న పెద్ద అక్షరం గీతను, పక్కనున్న స్మాల్ క్యాప్ గీతను పోల్చండి. పెద్దది ఒక బరువులో, చిన్నది మరో బరువులో ఉంటే కుదింపు. పీడీఎఫ్‌ను 800 శాతానికి పెంచితే అనుమానానికి తావుండదు.

ప్రోగ్రాముల తీరు

ఇన్‌డిజైన్ స్మాల్ క్యాప్స్ బటన్ కొంత తెలివైనదే: ఫాంటులో గీసినవి ఉంటే వాటినే వాడుతుంది, లేనప్పుడే కుదిస్తుంది. చిక్కు ఎక్కడంటే, మధ్యలో ఎవరైనా ఫాంటు మార్చినప్పుడు. ముందున్న ఫాంటులో గీసినవి ఉండి, కొత్త దాంట్లో లేకపోతే చడీచప్పుడు లేకుండా కుదింపులోకి జారిపోతుంది. క్వార్క్ ఎక్స్‌ప్రెస్‌లో కుదింపు మొదట 75 శాతం దగ్గర ఉంటుంది. ఎత్తుకూ వెడల్పుకూ వేర్వేరు శాతాలు ఇచ్చుకోవచ్చు. దాని ఓపెన్‌టైప్ మద్దతు 2006లో వచ్చిన ఏడో వెర్షన్‌తో మొదలైంది కనుక అంతకు ముందు నుంచి మోసుకొస్తున్న టెంప్లేట్లను ఒకసారి అనుమానించడం మంచిది.

మైక్రోసాఫ్ట్ వర్డ్ కథ విడ్డూరం. 2010 వెర్షన్ నుంచి లిగేచర్లు (కలిపి గీసిన అక్షర జంటలు), అంకెల రూపాలు, స్టైలిస్టిక్ సెట్ల వంటి ఓపెన్‌టైప్ సదుపాయాలు అందులో ఉన్నాయి. స్మాల్ క్యాప్స్ మాత్రం కుదింపుతోనే నెట్టుకొస్తోంది. ఆ సంస్థ నుంచే వచ్చిన క్యాలిబ్రి ఫాంటులో చక్కగా గీసిన స్మాల్ క్యాప్స్ ఉన్నాయి, వాటిని తీసి వాడే దారి మాత్రం వర్డ్ ఫాంట్ డైలాగ్‌లో లేదు. వర్డ్‌లో వేసే ఉత్తరానికి, నివేదికకు గీసినవి కావాలంటే స్మాల్ క్యాప్స్ రూపాలే విడి ఫాంటుగా దొరికే కుటుంబం చూసుకోవాలి. అలెగ్రేయా ఎస్‌సీ, కార్మొరెంట్ ఎస్‌సీ, స్పెక్ట్రల్ ఎస్‌సీ అలాంటివి, ఉచితంగా దొరుకుతాయి. వాటిలో చిన్న అక్షరాల మీటలు నొక్కితే స్మాల్ క్యాప్స్ పడతాయి. లిబ్రె ఆఫీస్‌లో 5.3 వెర్షన్ నుంచి ఫాంటు పేరు పక్కన కోలన్ పెట్టి ఎస్‌ఎంసీపీ అనే నాలుగు అక్షరాల ఫీచరు పేరును ఆంగ్లంలో రాస్తే గీసినవి వస్తాయి. ముచ్చటైన పద్ధతేమీ కాదు, పని మాత్రం చేస్తుంది.

వీటన్నిటికంటే నిజాయితీ గలది లాటెక్ అనే టైప్‌సెట్టింగ్ ప్రోగ్రాము. అడిగిన ఫాంటులో స్మాల్ క్యాప్స్ లేకపోతే తనంతట తాను కుదించదు. ఆ రూపం లేదని హెచ్చరిక రాసి, ఉన్న మామూలు రూపంతో సరిపెడుతుంది. డొనాల్డ్ క్నూత్ రూపొందించిన కంప్యూటర్ మోడర్న్ ఫాంటు కుటుంబంలో స్మాల్ క్యాప్స్ విడి ఫాంటుగానే ఉన్నాయి, బోల్డ్ స్మాల్ క్యాప్స్ లేవు. శీర్షికలో అవి అడిగి, రాలేదేమిటని తలపట్టుకునే వారు చాలామంది. హెచ్చరికల ఫైలు తెరిస్తే జవాబు అక్కడే ఉంటుంది.

పనిని బట్టి ఎంపిక

స్మాల్ క్యాప్స్ వాడే చోట్లను రెండుగా విడదీసుకుంటే నిర్ణయం సగం తేలిపోతుంది. కొన్నిచోట్ల అవి అలంకారం. కొన్నిచోట్ల వాటిలో అర్థం ఉంటుంది.

అధ్యాయం మొదటి పంక్తిని స్మాల్ క్యాప్స్‌లో వేయడం, పేజీ తలకట్టులో పుస్తకం పేరు, నాసా, యునెస్కో లాంటి పొడి అక్షరాల పేర్లు వాక్యంలో అరిచినట్టు కనిపించకుండా తగ్గించడం, ఇవన్నీ అలంకారం కిందికే వస్తాయి. ఫాంటులో గీసినవి ఉంటే వాడండి. లేకపోతే మానేయండి. అధ్యాయం మొదటి పంక్తి మామూలు అక్షరాల్లో ఉంటే పాఠకుడికి పోయేదేమీ లేదు. తలకట్టును ఇటాలిక్‌లో వేయవచ్చు. పొడి అక్షరాల పేర్లను పూర్తి క్యాపిటల్స్‌లోనే ఉంచి, సైజు అర పాయింటు తగ్గించి, అక్షరాల మధ్య కొద్దిగా ఖాళీ ఇస్తే వాక్యంలో ఒదుగుతాయి. పది పాయింట్లు తొమ్మిదిన్నర అయితే గీత మందం ఐదు శాతమే తగ్గుతుంది. క్యాపిటల్ గీత ముందే కాస్త మందం కనుక ఆ తగ్గుదల కంటికి ఆనదు.

అర్థం మోసే చోట్లు వేరు. ఆంగ్ల బైబిల్ అనువాదాల్లో హీబ్రూ మూలంలోని నాలుగు అక్షరాల దైవనామం ఉన్నచోట ‘లార్డ్’ అన్న మాటను పెద్ద ‘ఎల్’, తర్వాత స్మాల్ క్యాప్స్‌తో వేస్తారు. మామూలు అక్షరాల్లో వేసిన అదే మాట మూలంలో మరో పదానికి గుర్తు. భాషాశాస్త్రంలో ఉదాహరణ వాక్యాలకు పదం పదానికీ అర్థం రాసే లైప్‌జిగ్ గ్లాసింగ్ నియమాల ప్రకారం వ్యాకరణ వర్గాల సంకేతాలను స్మాల్ క్యాప్స్‌లో వేయడం పరిపాటి. రసాయనశాస్త్రంలో డి-గ్లూకోజ్, ఎల్-అలనిన్ వంటి పేర్ల ముందుండే ఆ ఒంటి అక్షరం స్మాల్ క్యాప్‌గా ఉండాలి. మామూలు చిన్న ‘డి’, ‘ఎల్’ అక్షరాలు ఒకప్పుడు వేరే అర్థంలో, ధ్రువిత కాంతిని తిప్పే దిశకు గుర్తుగా వాడినవి. ఇలాంటి పుస్తకానికి ‘స్మాల్ క్యాప్స్ మానేయండి’ అనే సలహా పనికిరాదు. ముందు గీసిన స్మాల్ క్యాప్స్ ఉన్న ఫాంటు ఎంచుకుని, తర్వాతే పేజీ కొలతల జోలికి వెళ్ళాలి. ఫాంటు ఖరారై, మూడొంతుల పుస్తకం పేర్చాక ఈ సంగతి గుర్తొస్తే పేజీల సంఖ్య మారేదాకా వెళ్తుంది.

నాటకాల్లో పాత్రల పేర్లు ఈ రెంటికీ నడుమ ఉంటాయి. మాటకూ పేరుకూ తేడా తెలియాలి, ఆ తేడా బోల్డ్‌తోనూ చూపించవచ్చు. పేజీకి ముప్పై సార్లు వచ్చే పేర్లను కుదించిన స్మాల్ క్యాప్స్‌లో వేస్తే ఎడమ అంచు పొడవునా వెలిసిపోయిన మచ్చలు తయారవుతాయి. నేనైతే బోల్డ్ వైపే మొగ్గుతాను.

ఇక పోస్టరు, ముఖచిత్రం, ఆహ్వానపత్రం లాంటివి. ముప్పై పాయింట్లు దాటిన సైజులో సన్న గీత తెగిపోయే భయం లేదు. పక్కన చిన్న అక్షరాల పాఠం కూడా ఉండదు కనుక పోల్చుకోవడానికి ఏమీ లేదు. అక్కడ పెద్ద అక్షరానికీ కుదించిన దానికీ మందం తేడా ఒక్కటే కనిపిస్తుంది, దాన్ని చేత్తో సరిచేయవచ్చు. రెండో దారికి ఉన్న ఇరుకైన చోటు ఇదే.

చేత్తో సరిచేసే పద్ధతి

బటన్ వాడకండి. మాటను క్యాపిటల్స్‌లో టైపు చేసి, మొదటి అక్షరాన్ని వదిలి మిగతా వాటికి ఒక క్యారెక్టర్ స్టైల్ తయారు చేయండి. సైజు 70 నుంచి 80 శాతం మధ్య, చిన్న అక్షరాల ఎత్తు చూసుకుని పెట్టండి. బరువు ఒక మెట్టు పైది: మామూలు ఫాంటు రెగ్యులర్ అయితే ఇక్కడ మీడియం లేదా సెమీబోల్డ్. ట్రాకింగ్ (అక్షరాలన్నిటి మధ్యా సమానంగా ఇచ్చే ఖాళీ) 30 నుంచి 50 దాకా. పై లెక్కలోని ఫాంటులో సెమీబోల్డ్ క్యాపిటల్ గీత 108 ఉందనుకుంటే, 70 శాతానికి కుదించినప్పుడు అది 76 దగ్గరికి వస్తుంది. చిన్న అక్షరాల గీతా అంతే. వేరియబుల్ ఫాంటు (ఒకే ఫైలులో బరువు లాంటివి కావలసినంత జరుపుకునే వీలున్నది) అయితే మెట్లతో పని లేదు, బరువు అక్షాన్ని జరుపుతూ కంటికి కుదిరిన చోట ఆపవచ్చు. వెడల్పు అక్షం కూడా ఉంటే మూడు నాలుగు శాతం పెంచండి.

బరువు పెంచడం కంటే నాకు నచ్చే పద్ధతి ఇంకొకటి ఉంది. కొన్ని కుటుంబాల్లో ఒకే ఫాంటు వేర్వేరు చదివే సైజులకు వేర్వేరు రూపాల్లో దొరుకుతుంది. మినియన్ ప్రోలో క్యాప్షన్ అనే రూపం అలాంటిదే. వేరియబుల్ ఫాంటుల్లో ఇది ఆప్టికల్ సైజు అక్షంగా ఉంటుంది. చిన్న సైజు కోసం గీసిన రూపంలో గీతలు మందంగా, అక్షరాలు వెడల్పుగా, సన్న గీతలు బలంగా ఉంటాయి. ఆ క్యాపిటల్స్‌ను కుదిస్తే సెమీబోల్డ్ కంటే సహజంగా కుదురుతాయి. సెమీబోల్డ్‌లో నిలువు గీతలు బలిసినంతగా సన్న గీతలు బలియవు, అందుకే దాన్ని కుదించినప్పుడు కాస్త మొరటుతనం మిగిలిపోతుంది.

అక్షరం చుట్టూ అదే రంగులో సన్నని స్ట్రోక్ వేసి లావు చేసే పద్ధతిని మాత్రం ఎవరికీ సూచించను. సెరిఫ్ మొనలు మొద్దుబారతాయి, లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. ఒక ఫాంటు పాఠంలోకి మరో ఫాంటు నుంచి స్మాల్ క్యాప్స్ అరువు తేవడం కూడా అంతే. ఒకటి రెండు మాటల్లో గమనించకపోవచ్చు, అదే పుస్తకమంతా అయితే అక్షరాల వంశం వేరని తెలిసిపోతుంది.

ఫాంటు తీసుకునే ముందు

స్మాల్ క్యాప్స్ ఉన్నాయని ఫాంటు వివరణలో రాసి ఉంటే అంతటితో సరిపెట్టుకోకండి. రెగ్యులర్‌లో ఉండి బోల్డ్‌లో, ముఖ్యంగా ఇటాలిక్‌లో లేని కుటుంబాలు చాలా ఉన్నాయి. చిన్న అక్షరాలను స్మాల్ క్యాప్స్‌గా మార్చే ఎస్‌ఎంసీపీ ఫీచరుతో పాటు, క్యాపిటల్స్‌ను కూడా మార్చే సీ2ఎస్‌సీ ఫీచరు ఉందో లేదో చూడాలి. రెండోది ఉంటే పొడి అక్షరాల పేరును క్యాపిటల్స్‌లోనే టైపు చేసి స్మాల్ క్యాప్స్‌గా చూపించవచ్చు. మూలపాఠంలో క్యాపిటల్స్ ఉన్నందువల్ల వెతకడానికి, ఆ పాఠాన్ని మరోచోట వాడుకోవడానికి ఇబ్బంది ఉండదు. ఫాంటు మారి ఆ ఫీచరు పోయినా పేరు చిన్న అక్షరాల్లోకి జారిపోదు.

అంకెలు పరీక్షించండి. స్మాల్ క్యాప్స్ పక్కన క్యాపిటల్ ఎత్తున్న అంకెలు నిక్కబొడుచుకుని కనిపిస్తాయి. పాతశైలి అంకెలు లేదా స్మాల్ క్యాప్స్ ఎత్తుకు గీసిన అంకెలు ఉండాలి. ఆంపర్‌సాండ్ (&), ప్రశ్నార్థకం, బ్రాకెట్లు కూడా ఆ ఎత్తుకు దిగివచ్చే ఫాంటు ఉంటే రూపకర్త శ్రద్ధగా పనిచేశాడని అర్థం.

భారతీయ భాషల పేర్లను రోమన్ లిపిలో శాస్త్రీయంగా రాసేవారికి అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష వేరే ఉంది. దీర్ఘానికి అక్షరం మీద అడ్డగీత, ‘ట’, ‘డ’, ‘ణ’లకు కింద చుక్క, ‘శ’కు మీద ఏటవాలు గీత వస్తాయి కదా. చాలా ఫాంటుల్లో స్మాల్ క్యాప్స్ ఆంగ్లానికి, పశ్చిమ ఐరోపా భాషలకు కావలసినంత వరకే ఉంటాయి. కింద చుక్క ఉన్న అక్షరం రాగానే అది మామూలు చిన్న అక్షరంగానే మిగిలిపోయి, మాట మధ్యలో గుంట పడినట్టవుతుంది. గ్రంథసూచిలో రచయితల పేర్లను స్మాల్ క్యాప్స్‌లో వేయాలనుకుంటే, జాబితాలో గుర్తులు ఎక్కువగా ఉన్న పేరు ఒకటి తీసి ముందే పేర్చి చూడండి. తెలుగు లిపికి పెద్ద, చిన్న అక్షరాల భేదమే లేదు కాబట్టి తెలుగు పాఠం మీద ఈ బటన్ నొక్కినా మార్పేమీ ఉండదు. తెలుగు వాక్యంలో వచ్చే రోమన్ పేర్ల దగ్గరే దీనితో పని. తెలుగు ఫాంటులో తోడుగా ఇచ్చే రోమన్ అక్షరాలకు స్మాల్ క్యాప్స్ ఉండటం అరుదు, అందుకే వాటికి విడి రోమన్ ఫాంటు జత చేయడం మేలు.

వెబ్, ఈ-బుక్

వెబ్ పేజీల రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్‌లో స్మాల్ క్యాప్స్ 1996 నాటి తొలి వెర్షన్ నుంచే ఉన్నాయి. ఫాంటులో గీసినవి ఉంటే ఇప్పటి బ్రౌజర్లు వాటిని వాడతాయి, లేకపోతే కుదిస్తాయి. కుదించవద్దని చెప్పే ఫాంట్-సింథసిస్ అనే గుణం ఉంది, దాన్ని వాడేవారు తక్కువ. ఇక్కడ ఎక్కువగా దెబ్బతీసేది ఫైలు బరువు తగ్గించే పని. పేజీ త్వరగా తెరుచుకోవాలని ఫాంటును కత్తిరించే సాధనాలు, విడిగా చెప్పకపోతే, స్మాల్ క్యాప్స్ గ్లిఫ్‌లను అనవసరమని పారేస్తాయి. కంప్యూటర్‌లో పూర్తి ఫాంటు ఉన్న డిజైనరుకు అన్నీ సరిగ్గా కనిపిస్తాయి, పాఠకుడి తెర మీద కుదించినవి ప్రత్యక్షమవుతాయి. కత్తిరించేటప్పుడు ఎస్‌ఎంసీపీ, సీ2ఎస్‌సీ ఫీచర్లను ఉంచమని సూచించాలి.

సామాజిక మాధ్యమాల్లో యూనికోడ్‌లోని ధ్వనిశాస్త్ర సంకేతాలను ఏరి స్మాల్ క్యాప్స్ అని అందించే సాధనాలు కనిపిస్తుంటాయి. పేజీ పనిలో వాటిని దరిచేరనివ్వకండి. అవి వేరే అక్షరాలు. వెతికితే దొరకవు, తెర చదివే సాఫ్ట్‌వేరు వాటిని మాటగా చదవలేకపోవచ్చు.

ఈ-బుక్‌లో పాఠకుడు ఫాంటును తనకు నచ్చినట్టు మార్చుకుంటాడు. మనం జతచేసిన ఫాంటు పక్కకు పోగానే గీసిన స్మాల్ క్యాప్స్ కూడా దానితోనే పోతాయి, ఆ స్థానంలోకి కుదించినవి వస్తాయి. తెర రిజల్యూషన్ తక్కువగా ఉన్న పరికరంలో ఆ సన్న గీతలు బూడిద రంగు మసకగా మారతాయి. అందుకని అచ్చు పుస్తకానికి ఎంత మంచి ఫాంటు ఎంచుకున్నా, అదే పుస్తకాన్ని ఈ-బుక్ చేసేటప్పుడు అర్థం మోసే చోట్ల మాత్రం స్మాల్ క్యాప్స్ ఉంచి, అధ్యాయం మొదటి పంక్తులకు, పొడి అక్షరాల పేర్లకు పెట్టినవి స్టైల్ షీట్ నుంచి తీసేస్తాను.